శుభలేఖల వెనక హెబ్రీ

(మా మాస్టారి సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాసం, అచ్చుపాఠం)

 విద్యార్థులు ముందు రెండు వరసలూ ఖాళీగా వదిలేసి వెనక బెంచీల్లో కూర్చోవడం మా రోజుల్లోనూ ఉండేది కాబట్టి ఆ సంగతి ఎత్తను.

ఆహ్వానపత్రం మీద మాస్టారి పేరు బంగారు రంగులో వేశారు. ఆయనే ఉండుంటే ఆ అట్టను నాలుగు ముక్కలుగా కోసి, వెనకవైపు తెల్లగా ఉన్నందుకు సంతోషించేవారు. ఎందుకో తర్వాత చెబుతాను. కాలేజీలో మాకు ఆయన మాస్టారు, ఆదివారం వెళ్లే పల్లెలో సంఘం వాళ్లకు అయ్యగారు. పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ఈ గంటసేపూ నేనూ మాస్టారనే అంటాను.

నాకిచ్చిన అంశం 'బైబిల్ అధ్యయనంలో స్నాతకోత్తర విద్య'. మాట పెద్దది. మా అమ్మకు దీన్ని విడమరిచి చెప్పలేక నేను ఓడిపోయాను. వేదాంతంలో డిగ్రీ బి.డి. అయ్యాక, దాని పైచదువు ఎం.టిహెచ్. కోసం వేరే రాష్ట్రం వెళ్తున్నానంటే, "ఇంకా ఏం చదువుతావురా? ఉన్నది ఒక్క పుస్తకమేగా! నాలుగేళ్లు చదివావుగా!" అంది. నేను "పాత నిబంధన ప్రత్యేకంగా చదవాలమ్మా" అన్నాను. "అంటే ఈసారి సగం పుస్తకమేనా?" అంది. ఆ మాట మాస్టారికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వి, "మీ అమ్మకు తెలిసిపోయింది. రెండో ఏడాది వచ్చేసరికి ఒక్క వచనం మిగులుతుంది" అన్నారు.

నిజంగానే అలా జరిగింది. మిగతా చదువుల్లో పైకి వెళ్లేకొద్దీ చదవాల్సింది పెరుగుతుందంటారు. ఇక్కడ చదివే పుస్తకాలు పెరుగుతాయి, చదవబడే వచనాలు తగ్గుతాయి. బి.డి.లో యెషయా గ్రంథం మొత్తాన్ని నెలన్నరలో దాటించారు. ఎం.టిహెచ్.లో నలభయ్యో అధ్యాయంలో రెండు వచనాల మీద మూడు గంటల సెమినారు, రెండు వారాలు నడిచింది.

ఈ చదువు నడిచే తీరు తెలియనివాళ్లు ఉంటారు గనక రెండు మాటలు. మన దేశంలో ప్రొటెస్టెంట్ వేదాంత విద్యలో పెద్ద భాగం సెరంపూర్ గొడుగు కింద ఉంది. 1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ హుగ్లీ ఒడ్డున కాలేజీ పెట్టినప్పుడు ఆ ఊరు డెన్మార్క్ వాళ్లది. 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ డిగ్రీలిచ్చే అధికారం చార్టరులో రాసిచ్చాడు. 1845లో ఊరు ఇంగ్లీషువాళ్లకు అమ్ముడుపోయింది, చార్టరు మాత్రం చెల్లుబాటులోనే ఉంది. మొదటి బి.డి. పట్టాలు 1915లో వచ్చాయి, 1918లో బెంగాల్ శాసనసభ దానికి చట్టం చేసింది. మన పల్నాటి కుర్రాడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో చదివి, ఎప్పుడో పోయిన ఒక డెన్మార్క్ రాజు మాట మీద పట్టా పుచ్చుకుంటాడన్నమాట. ఎం.టిహెచ్. అంటే సాధారణంగా మొదట సెమినార్లు, పరీక్షలు, ఆపైన థీసిస్. పాత నిబంధన తీసుకుంటే హెబ్రీ రావాలి, క్రొత్త నిబంధన తీసుకుంటే గ్రీకు రావాలి. అడ్డదారి లేదు. మిగతా నిబంధనలు ప్రాస్పెక్టస్‌లో ఉంటాయి, చదువుకోండి.

ఇక ఆ రెండు వచనాల దగ్గరికి వస్తాను.

పాత నిబంధన విద్యార్థి చేతిలో ఎప్పుడూ ఉండే పుస్తకం బిబ్లియా హెబ్రాయికా ష్టుట్‌గార్టెన్‌సియా. నోరు తిరగక అందరూ బి.హెచ్.ఎస్. అంటారు. కైరోలో 1008–09 ప్రాంతంలో రాసిన చేతిప్రతి ఒకటి ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. లెనిన్‌గ్రాడ్ కోడెక్స్ అన్న పాతపేరే దానికి నిలిచిపోయింది. బి.హెచ్.ఎస్. దాన్నే అచ్చేస్తుంది. ఏ పేజీ తీసినా నడిమధ్య హెబ్రీ మూలం, పక్క అంచున చీమతలల్లాంటి అక్షరాల్లో అరమాయిక్ గమనికలు, అడుగున లాటిన్ పొడి అక్షరాల్లో పాఠాంతరాలు. ఒక్క పేజీ చదవడానికి మూడు భాషలు. అంచు గమనికలు రాసినవాళ్లను మసోరెట్‌లంటారు. ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి పెట్టారు. లామెద్ అక్షరం మీద చుక్క కనిపిస్తే 'ఈ రూపం ఇంకెక్కడా లేదు' అని. ఆదికాండం చివర మొత్తం వచనాలు 1534 అని లెక్క రాశారు. ఒక్క అక్షరం జారిపోకుండా కాపలా కాయడమంటే ఏమిటో మనకు కొత్త కాదు. పదపాఠం, క్రమపాఠం, జటాపాఠం అంటూ మాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పి వల్లెవేసిన ఘనపాఠీలను మన అగ్రహారాలు చూశాయి. వాళ్లు నోటితో చేసిన పని వీళ్లు అంచున చేశారు.

1947లో మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో చుట్టలు దొరకడం మొదలైంది. వాటిలో పెద్ద యెషయా చుట్ట ఏడు మీటర్ల పైచిలుకు పొడవు, అరవయ్యారు అధ్యాయాలూ దానిలో ఉన్నాయి. లెనిన్‌గ్రాడ్ ప్రతి కంటే వెయ్యేళ్లకు పైగా పాతది. నలభయ్యో అధ్యాయంలో ఏడు, ఎనిమిది వచనాల దగ్గర, గడ్డి ఎండటం, పువ్వు వాడటం గురించిన మాటలు వెంటవెంటనే రెండుసార్లు వస్తాయి. చుట్ట రాసిన లేఖకుడు మొదటి వాడటానికీ రెండో వాడటానికీ మధ్య ఉన్నదంతా వదిలేశాడు. తర్వాత ఇంకో చెయ్యి వచ్చి వదిలేసిన మాటల్ని వరసల సందులోనూ, చోటు చాలక అంచు వెంట కిందికీ ఇరికించింది. దేవుని పేరు రావాల్సిన చోట ఆ రెండో చెయ్యి పేరు రాయలేదు, నాలుగు చుక్కలు పెట్టింది.

నేను సెమినార్లో చుట్టలో ఆ చోటి ఫొటో చూపించి ధైర్యంగా చెప్పాను. "చూపు జారిందండి మాస్టారూ. ఒకే మాట రెండుసార్లు ఉంటే కన్ను మొదటిదాని నుంచి రెండోదానికి దూకుతుంది. మన తాళపత్రాల్లోనూ ఉందిది."

"ఎవరి చూపు?" అన్నారు.

"చుట్ట రాసినాయన చూపండి."

"సెప్టువజింటు తియ్యి."

తీశాను. క్రీస్తుకు పూర్వమే గ్రీకులోకి చేసిన ఆ అనువాదంలోనూ సరిగ్గా అవే మాటలు లేవు.

"ఈయన చూపూ సరిగ్గా అక్కడే జారిందా? ఇద్దరూ కూడబలుక్కున్నారా? లేక వాళ్ల ముందున్న ప్రతిలోనే ఆ మాటలు లేవా? లేకపోతే మన ప్రతిలోకి ఎప్పుడు, ఎందుకు వచ్చాయి?" అని అడిగి, టీ తాగడానికి వెళ్లిపోయారు. రెండో వారం నడిచింది ఆ ప్రశ్న మీదే. జవాబు దొరకలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. జారిందనడానికీ బలముంది, చేర్చారనడానికీ బలముంది. చేతిలో ఉన్న తూకం మొగ్గిన మేరకే మాట్లాడాలని, అంతకు మించి గొంతు పెంచకూడదని నాకు ఆ రెండు వారాల్లో తెలిసింది. బి.డి.లో జవాబు తెలియకపోతే మార్కులు పోతాయి. ఎం.టిహెచ్.లో జవాబు లేదని తెలియకపోతే పోతాయి.

భాషల సంగతి. కొత్త విద్యార్థులు హెబ్రీ అంటే హడలిపోతారు. కుడి నుంచి ఎడమకు రాయడం ఒక వారంలో అలవాటవుతుంది. హడలగొట్టేది నిజానికి హెబ్రీ కాదు, దాన్ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం. ఇంగ్లీషులో అచ్చు హల్లు పక్కన విడిగా కూర్చుంటుంది. హెబ్రీలో హల్లు నిలబడితే అచ్చు గుర్తు దాని కిందో పైనో అతుక్కుంటుంది. ఇది గుణింతం కాక మరేమిటి? హల్లులో చుక్క పెడితే చాలాచోట్ల వత్తి రెండుసార్లు పలకాలి, అది ద్విత్వం. మాట నడుమ హల్లు కింద రెండు చుక్కలు పెట్టి అచ్చు లేదంటే, అది పొల్లు. పాత గ్రీకులో ఫీ, థీటా, ఖీ అనే మూడక్షరాలు మన ఫ, థ, ఖల్లాంటి మహాప్రాణాలే. గ్రీకు క్రియల్లో రెండు అచ్చులు కలిసి మూడోది అయితే ఇంగ్లీషు పుస్తకం దానికో పెద్ద పేరు పెట్టి పట్టిక ఇస్తుంది. మనకు ఆరో తరగతిలో సంధి అని చెప్పారు. ఇంట్లో బిందెలో నీళ్లుండగా పక్కూరి చెరువుకు వెళ్లినట్టు, చిన్నప్పుడే వచ్చినదాన్ని పాతికేళ్లప్పుడు ఇంగ్లీషులో మళ్లీ నేర్చుకుంటున్నాం.

ఇదేదో భాషాభిమానం మీద మాట్లాడుతున్నానని అనుకోకండి. తెలుగు మీదుగా చదివితే మూలంలో ఇంగ్లీషుకు కనిపించనివి కనిపిస్తాయి. ఒకటి చూపిస్తాను.

మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో తుఫాను. యేసు పడవ వెనక తట్టున తలగడ మీద నిద్రపోతున్నాడు. శిష్యులు లేపి, చనిపోతున్నాం, నీకు పట్టదా అని అడుగుతారు. గ్రీకులో ఆ క్రియ 'అపొల్లుమెథా'. ఎవరు చనిపోతున్నారన్నది క్రియ చివరి 'మెథా'లో ఉంది. ఇంగ్లీషువాడు 'వుయ్' అని రాసి ముందుకు వెళ్లిపోతాడు. తెలుగువాడు వెళ్లలేడు. మేమా, మనమా? 'మనం చచ్చిపోతున్నాం' అంటే నువ్వూ మాతోపాటే మునుగుతున్నావు, లే అని. 'మేము చచ్చిపోతున్నాం' అంటే నీకేం, నిశ్చింతగా పడుకున్నావు, పోయేది మేమే అని. మొదటిదానిలో భయం ఎక్కువ, రెండోదానిలో నిష్ఠురం ఎక్కువ. ఆయనెవరని వాళ్లనుకుంటున్నారన్న ప్రశ్న మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. అదే అధ్యాయం చివర శిష్యులు ఈయనెవరని ఒకరినొకరు అడుక్కుంటారు కూడా. గ్రీకు ఈ సంగతి చెప్పదు, చెప్పాల్సిన అవసరం ఆ భాషకు లేదు. తెలుగుకు ఉంది. మన బైబిల్లో అనువాదకులు ఏది ఎంచుకున్నారో ఇంటికెళ్లి చూడండి. చూసి, రెండోది పెట్టి మళ్లీ చదవండి.

ప్రభువు ప్రార్థనలో చిక్కు లేదు. తండ్రితోనే మాట్లాడుతున్నాం గనక 'మా తండ్రీ' అనాలి, 'మన తండ్రీ' అంటే ఆయన్నీ పిల్లల్లో కలిపేసినట్టు. చంటిపిల్లలు కూడా ఇది తప్పరు. ఆదికాండం మొదటి అధ్యాయం ఇరవయ్యారో వచనంలో మాత్రం చిక్కు గట్టిగానే పడుతుంది. మనుషుణ్ణి చేసే ముందు దేవుడు బహువచనంలో మాట్లాడతాడు, 'నఅసె'. తెలుగులో 'చేద్దాం' అనాలి. మన భాషలో 'చేద్దాం' అన్నామంటే వింటున్నవాళ్లూ చెయ్యి వేయాలి. వింటున్నదెవరు? పరలోక సభలో ఉన్న దూతలైతే వాళ్లకూ సృష్టిలో పాలు వచ్చేస్తుంది. తర్వాతి వచనంలో సృష్టించిన క్రియ ఏకవచనం, 'వయ్యివ్రా'. పిలుపు అందరికీ, పని ఒక్కడిది. ఈ బహువచనానికి వ్యాఖ్యాతలు ఎన్నో దారులు చెప్పారు. తనతో తాను అనుకోవడమన్నారు, సభతో అనడమన్నారు, సంఘ పితరులు త్రిత్వమన్నారు. 'చేద్దాం' అన్న తెలుగు మాట ఆ దారులన్నిటినీ నిలదీస్తుంది.

ఇంకొకటి చిన్నది. అంద్రెయ పేతురుకు అన్నా, తమ్ముడా? గ్రీకు 'అదెల్ఫొస్' చెప్పదు. మనిళ్లలో ఆ సంగతి తెలియకుండా మనిషిని పిలవడానికే వీల్లేదు. అందుకే పాత అనువాదకులు 'సహోదరుడు' అనే సంస్కృత మాట వెనక దాక్కున్నారు. వీధిలో ఎవరైనా "మా సహోదరుడు బజారుకెళ్లాడు" అనగా విన్నారా? దాక్కున్నారని తప్పుపట్టడం లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకపోవడం మంచి పనే.

మన బైబిల్ అనువాద చరిత్రలో నన్ను వదలని జంట ఒకటుంది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్లలో ఆగస్టస్ డే గ్రాంజెస్ ఒకరు. ఆయన పక్కన ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణుడు, క్రైస్తవుడైనవాడు. ఇద్దరూ కూర్చుని సువార్తల్ని తెలుగు చేశారు. డే గ్రాంజెస్ 1810లో చనిపోయాడు. మొదటి మూడు సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. అంతకుముందు బెంజమిన్ షుల్జ్ చేసిన అనువాదం రాతప్రతిగానే ఉండిపోయింది. ఈ బొమ్మను కాసేపు తలుచుకోండి. బల్లకు ఒకవైపు గ్రీకు తెలిసినవాడు, తెలుగు అతనికి నేర్చుకున్న భాష. రెండోవైపు తెలుగు నరనరానా ఉన్నవాడు, మూలాన్ని మాత్రం ఎదుటివాడి నోట వినాల్సినవాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా మన అనువాదాలన్నీ దాదాపు ఇదే పద్ధతిలో జరిగాయి. దొర పేరు అట్ట మీద ఉంటుంది, పండితుడి పేరు ఎక్కడో ముందుమాటలో ఉంటే ఉంటుంది.

బల్లకు రెండువైపులా కూర్చున్న ఆ ఇద్దరూ ఒక్క మనిషిలోకి రావాలి. నా ఎరుకలో ఎం.టిహెచ్. పాత నిబంధన, ఎం.టిహెచ్. క్రొత్త నిబంధన ఉన్నది అందుకు. ఉద్యోగానికీ, బిషప్ ఎన్నికలకూ పనికిరావడం దాని పక్కఫలం. అలాంటివాళ్లు లేకపోలేదు. మెదక్ బిషప్‌గా, సి.ఎస్.ఐ. మోడరేటర్‌గా లోకానికి తెలిసిన విక్టర్ ప్రేమసాగర్ గారు అన్నిటికంటే ముందు పాత నిబంధన పండితుడు. 1964లో వేర్వేరు మిషన్ల సెమినరీలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అయింది, తర్వాత హైదరాబాదు చేరింది. మూలభాషలు తెలిసిన తెలుగు ఉపాధ్యాయులు మన ఊళ్లోనే మనకు పాఠం చెప్పే రోజు అలా వచ్చింది. బెంగుళూరులో 1981లో అరవింద్ నిర్మల్ దళిత వేదాంతానికి బీజం వేసిన ప్రసంగం చేశాక ఇంకో కిటికీ తెరుచుకుంది. తర్వాత ఆయన ద్వితీయోపదేశకాండం ఇరవయ్యారో అధ్యాయంలో, పంట మొదటి గంప తెచ్చినవాడు తన పూర్వీకుణ్ణి దిక్కులేని అరామీయుడని చెప్పుకునే మాటను పట్టుకున్నారు. మాలపల్లె, మాదిగపల్లె నుంచి సెమినరీకి వచ్చిన మా తరం పిల్లలకు ఆ వచనం అప్పటిదాకా ఎవరో యూదులది. ఆ తర్వాత మాదీ అయింది.

ఒకే మనిషిలోకి రావలసిన ఆ ఇద్దర్నీ మళ్లీ విడదీస్తున్నది మన థీసిస్‌లే. నా సంగతే చెబుతాను. మేము, మనము అన్నదాని మీద పదకొండు పేజీలు రాశాను. తెలుగు ఉదాహరణలు, మా ఊరి మాటలు, పాత అనువాదాల పోలికలు. ఎక్కడ చదివానో, ఎవరు సరిదిద్దారో చెప్పను. "బాగుంది, కానీ ఇది అధ్యాయంలో కుదరదు, అనుబంధంలో పెట్టు" అన్నారు. అనుబంధంలో పెట్టాను. ఆపైన పేజీల పరిమితి దాటిందని అనుబంధమే తీసేశాం. 'తీసేశాం' అన్నాను, 'తీయించారు' అనలేదు. సంతకం పెట్టింది నేనే. ఇప్పుడు నా థీసిస్‌లో జర్మన్ పండితుల పేర్లు దండిగా ఉన్నాయి, ఒక్క తెలుగు మాట లేదు.

ఎదుటివైపు వాదన నాకు తెలుసు. పరీక్షకుడు మిజోరం నుంచో కేరళ నుంచో వస్తాడు, తెలుగు చదవలేడు. వ్యాఖ్యానాలు, నిఘంటువులు, పత్రికలు ఇంగ్లీషులోనో జర్మన్‌లోనో ఉన్నాయి. విదేశంలో పిహెచ్.డి.కి వెళ్లాలంటే ఇంగ్లీషు లేకుండా నడవదు. అన్నీ నిజమే. థీసిస్ మొత్తం తెలుగులో రాయమని నేననడం లేదు. ఒక్క అధ్యాయం తెలుగులో ఉండనివ్వండి, దాన్ని దిద్దడానికి తెలుగు వచ్చిన ఒక్క పరీక్షకుణ్ణి పెట్టండి. ఎంచుకున్న వచనాలను మూలం నుంచి సొంతంగా తెలుగు చేసి, ప్రతి మాటకూ కారణం చెప్పనివ్వండి. మేమో మనమో రాయక తప్పని చోట విద్యార్థికి మూలం ఎంత వచ్చో అరపేజీలో తేలిపోతుంది. ఇంగ్లీషులో నలభై పేజీల వెనక దాక్కోవచ్చు.

విశ్వాసం మాటేమిటని అడుగుతారు. ప్రతి సభలోనూ అడుగుతారు. జర్మనీలో జూలియస్ వెల్‌హౌజన్ పంచకాండాలు వేర్వేరు మూలాల కలయికని గట్టిగా వాదించి, 1882లో గ్రైఫ్స్‌వాల్డ్‌లో వేదాంత ఆచార్య పదవికి రాజీనామా ఇచ్చాడు. తన పాఠాలు విన్న పిల్లలు సంఘసేవకు పనికిరాకుండా పోతున్నారని ఆయన బాధ. తర్వాత సెమిటిక్ భాషలు చెప్పుకుంటూ బతికాడు. మాస్టారు ఈ కథ చెప్పి, "నిజాయితీపరుడు. కానీ నేను రాజీనామా ఇవ్వలేదు, గమనించండి" అనేవారు. ఒకసారి ఒక విద్యార్థి, క్లాసులో చెప్పిందంతా ఆదివారం పల్లెలో చెప్పొచ్చా అని అడిగాడు. "వంటింట్లో పొగంతా తెచ్చి విస్తట్లో వడ్డిస్తావా?" అన్నారు. వాడు ఊపిరి పీల్చుకునేలోగా, "అలాగని పచ్చిబియ్యం పెట్టకు" అన్నారు.

యెషయా ఏడో అధ్యాయం పద్నాలుగో వచనం అందుకు ఉదాహరణ. హెబ్రీలో 'అల్మా', పెళ్లీడు పిల్ల. గ్రీకు అనువాదం 'పార్థెనొస్' అంది, కన్య. మత్తయి దాన్నే తీసుకున్నాడు. 1952లో అమెరికాలో వచ్చిన సవరించిన ఇంగ్లీషు బైబిల్ యెషయాలో 'యువతి' అని వేస్తే, ఉత్తర కరోలినాలో ఒక పాస్టరు ఆ పేజీని బహిరంగంగా తగలబెట్టాడు. మాస్టారు ఈ సంగతి పల్లెలో చెప్పిన ఆదివారం నేను అక్కడున్నాను. అగ్గిపెట్టె ఎవరూ తీయలేదు. ఆయన అడిగింది ఒక్కటే: "కన్యాదానంలో కన్య అంటే ఏమిటి? కన్యాశుల్కంలో?" ముందు కూర్చున్న ముసలమ్మ, "పెళ్లికూతురేగా అయ్యగారూ, పిల్ల" అంది. "అక్కడే ఉంది" అన్నారు. మన 'కన్య' రెండు అర్థాలనూ మోస్తుంది. హెబ్రీ పిల్లకూ, గ్రీకు కన్యకూ ఒకే ఇంట్లో చోటిచ్చింది. ఇంగ్లీషుకు ఆ వీలు లేక పేజీ కాలింది. ఇది ఏ వ్యాఖ్యానంలోనూ నాకు కనబడలేదు, ముసలమ్మ దగ్గర విన్నాను.

ఇక శుభలేఖల మాట. మాస్టారి దగ్గర ఒక బాటా చెప్పుల డబ్బా ఉండేది. సంఘంలో పెళ్లిళ్లన్నీ ఆయనే చేసేవారు గనక ఇంటినిండా శుభలేఖలు. ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు కోసి, వెనకవైపు ఒక హెబ్రీ ధాతువు, దాని కింద తెలుగు అర్థాలు రాసేవారు. ధాతువు ఎర్ర సిరాలో, తెలుగు నీలంలో. ముప్ఫై ఏళ్లకు పైగా రాశారు. పోయినేడు ఆయన కుమార్తె ఆ డబ్బా నా చేతికిచ్చి, "మామయ్యా, నాన్నగారు మీకివ్వమన్నారు" అంది.

'హెసెద్' కార్డు చూపిస్తాను. ఒక పక్క పసుపుకొమ్ముల బొమ్మలో సగం, 'చి.ల.సౌ.' అన్న అక్షరాలు. రెండో పక్క ఎర్రగా హెసెద్. కింద 'కృప' అని రాసి కొట్టేశారు. 'దయ', అదీ కొట్టేశారు. 'కనికరం' కింద గీత గీసి, పక్కన 'పైవాడు కిందివాడికి చేసేది, ఇది అది కాదు' అని రాశారు. తర్వాత వేరే సిరాలో, బహుశా ఏళ్ల తర్వాత, 'అయినవాళ్లకు చేయాల్సిందానికి మించి చేయడం'. దాని కింద 'రూతు 1:8, చనిపోయినవాళ్లకు కూడా'. అట్టడుగున అతి చిన్న అక్షరాల్లో, 'అత్తాకోడళ్ల మధ్య కూడా!' ఆ ఆశ్చర్యార్థకం చూసి నేను చాలాసేపు నవ్వాను. తర్వాత ఏడ్చాను కూడా, అది వేరే సంగతి. నాలుగు అర్థాల మీదుగా ఆయన నడిచిన దారి ఆ కొట్టివేతల్లో ఉంది. ఏ నిఘంటువూ కొట్టివేతల్ని అచ్చేయదు.

డబ్బాలో కార్డులు వరసగా ఉన్నాయి. హెబ్రీలో ఇరవైరెండు అక్షరాలు. ఆలెఫ్ నుంచి లామెద్ దాకా పన్నెండు అక్షరాలకూ కార్డులున్నాయి. పదమూడోది మేమ్. మయిమ్, నీళ్లు. మెలెక్, రాజు. మాషీయహ్, అభిషిక్తుడు. వీటిలో దేనికీ కార్డు లేదు. యెషయా 'అల్మా' మొదటి అక్షరం అయిన్ ఇంకా తర్వాత వస్తుంది.

రేపు ఉదయం నుంచి ఆ డబ్బా ఈ కాలేజీ లైబ్రరీలో, కిటికీ పక్క బల్ల మీద ఉంటుంది. మా ఇంట్లో పోగైన శుభలేఖలు కోసి తెచ్చాను, ఎర్ర పెన్ను, నీలం పెన్ను కూడా పెట్టాను. వెనక బెంచీల వాళ్లు ఎవరైనా సరే, మేమ్ దగ్గర మొదలుపెట్టండి. కొట్టేసినదాన్ని మాత్రం చెరిపేయకండి.